కాపరి మీద పడిన బరువు

పోయిన వారం మనం కృపను వాళ్ల గడప దగ్గర నిలబెట్టి వెళ్లిపోయాం. ల్యాప్‌టాప్‌ను చంటిపిల్లలా చంకన పెట్టుకుని, ఆటో దిగుతున్న మనిషిని చూస్తూ ఉండిపోయింది పాపం. దిగుతున్నది దేవానందం. కంప్యూటరు అనేదాన్ని ఎటు నుంచి తెరవాలో కృపకు నేర్పినవాడు, తాను పనిచేసే హైదరాబాద్ కంపెనీలోనే ఉద్యోగం ఇప్పించినవాడు, ఆ పిల్ల నారాయణఖేడ్‌లో తల్లి దగ్గరే ఉండి పని చేసుకుంటుందని పైవాళ్లతో వాదించి ఒప్పించినవాడు. ఆయనే ఇప్పుడు, ఆమె రాసిన ప్రోగ్రాంను తీసేస్తున్నారన్న కబురు మోసుకొచ్చాడు. ఫోనులో చెప్పేస్తే సరిపోయేది. ఇలాంటి మాట ఎదురుగా కూర్చునే చెప్పాలని, సంగారెడ్డి మీదుగా బస్సులో పడి వచ్చాడు. ఆయన సంగతే అంత.

ఈ వారమే మనతో కలిసినవారికి కథ చెప్పకుండా ముందుకు పోతే పాపం తగులుతుంది. కృప పనిచేసే కంపెనీ, టీకాలు దాచే ఫ్రిజ్‌లకు తగిలించే చిన్న డబ్బాలు చేస్తుంది. డబ్బా అంటే లోపల ఉన్నది చిన్న కంప్యూటరే. ఫ్రిజ్ చల్లదనం తగ్గగానే నర్సు ఫోనుకు కబురు పంపే ప్రోగ్రాం కృప రాసింది, ముద్దుగా కాపరి అని పేరు పెట్టుకుంది. పోయిన నెల కంగ్టి అవతల ఒక పల్లె దవాఖానలో కరెంటు పోయింది. కాపరి ఉలకలేదు, పలకలేదు. అప్పటికే డబ్బాలోని కెర్నెల్ దాన్ని చంపేసింది.

కెర్నెల్ అంటే డబ్బాలో నడిచే ప్రోగ్రాములన్నిటికీ ఇంటిపెద్ద. ఎవరికెంత మెమరీ ఇవ్వాలో చూసేది అదే. మెమరీ చాలక ఇబ్బంది వచ్చినప్పుడు, అందరికంటే ఎక్కువ వాడుతున్నవాడిని మెడ పట్టి గెంటేదీ అదే. ఆ రోజు దాని లెక్క ప్రకారం ఎక్కువ వాడుతున్నది కాపరి. గెంటేసింది. టీకాలు వేడెక్కాయి, పారబోశారు. బిడ్డలను ఎత్తుకుని మండుటెండలో నడిచొచ్చిన తల్లులు, ఇంకోనాడు రమ్మంటే తిరిగి వెళ్లిపోయారు. అప్పటినుంచి కృపకు అన్నం సహించడం లేదు.

"వందనాలన్నా," అంది హన్నమ్మ లోపలినుంచి వచ్చి. కృప తల్లి ఆవిడ. "మస్తు దినాలాయె మా దిక్కు రాక. గడపల నిలబడ్డవేంది, లోపటికి రా."

"వందనాలు చెల్లె. అడుగు పెట్టనీకి జాగ యాడున్నది?" అన్నాడు దేవానందం. "ఇల్లంత తల్లెలే ఉన్నయి. హోటల్ పెట్టినవా ఏంది?"

అబద్ధమేమీ కాదు. ముందుగదిలో గోడ పొడవునా స్టీలు పళ్లేలు దొంతరలుగా ఉన్నాయి. వాటి పక్కన రెండు గుండిగలు, గంటెలు, మూతలు. మంచం మీద కూడా గ్లాసుల బుట్ట కూర్చుని ఉంది, వచ్చిన చుట్టంలాగా.

"హోటల్ లేదు పాడు లేదు. సంఘం సామాను," అంది హన్నమ్మ, బుట్టను కిందికి దించుతూ. "మన వాడల మొన్న పెండ్లయింది గదా. కడిగినోళ్లు కడిగినట్టు తెచ్చి ఈడ పెడుతున్నరు. సంచి నిండినంక ఆటోల ఏసి చర్చికి పంపుత. నాలుగు తల్లెల కోసం గంత దూరం ఎవరు పోతరు?"

నారాయణఖేడ్‌లో ఆ చర్చి సంఘానికి ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. పెళ్లి సామాను చర్చి గదిలో ఉంటుంది. అవసరమున్నవాళ్లు అక్కడినుంచే అంతా ఒకేసారి తీసుకెళ్తారు. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం ఎవరి వాడలో వాళ్లు, ఆ వాడకు పెద్దదిక్కయిన ఇంట్లో ఇచ్చేస్తారు. అక్కడ కొంత పోగయ్యాక చర్చికి చేరుతుంది. అందరికీ సుఖం. దేవానందం పుట్టి పెరిగింది కూడా ఆ వాడలోనే కనుక ఆయనకు ఇదంతా కొత్త కాదు. రెండు దొంతరల మధ్య కుర్చీ ఇరికించుకుని కూర్చున్నాడు.

హన్నమ్మ రొట్టె, పుంటికూర తెస్తానంటే చేయి అడ్డం పెట్టాడు. "ముందుగాల పని మాట కానీయ్ చెల్లె. అది కడుపుల పెట్టుకొని తింటే నాకు అరగదు."

హన్నమ్మ కూతురి ముఖం చూసి, వంటింట్లోకి వెళ్లిపోయింది. తలుపు మాత్రం వేయలేదు.

దేవానందం కృప వైపు తిరిగాడు. "బిడ్డా, సూటిగ చెప్తున్న. ఇయ్యాల సాయంత్రం డబ్బాలన్నిటికి కొత్త సాఫ్ట్‌వేరు సరుకు పంపుతున్నరు. అండ్ల కాపరి ఉండదు. బయట కొన్న ప్రోగ్రాం ఏదో పెడుతున్నరు. నీ నౌకరి సంగతి నర్మద మేడం చేతుల ఉన్నది. తీసెయ్యాలనే అన్నది. నేను అడ్డం పడ్డ. కాపరి తప్పు నాదేనని నువ్వు నీ నోటితోని ఒప్పుకుంటే, వేరే పనిల పెడతా అని ఆమె కాడ మాట తీసుకున్న."

కంపెనీ యజమాని నర్మద దగ్గర ఆ మాట తీసుకోవడానికి ఆయన ఎంత బతిమాలి ఉంటాడో కృపకు తెలుసు. ఎవరినీ ఏదీ అడగని మనిషి. ఆమె కోసం అడిగాడు. కళ్లలో నీళ్లు తిరిగితే తల వంచుకుంది.

ఇంటర్‌తో చదువు ఆపేసి జెరాక్స్ షాపులో నిలబడ్డ పిల్లను పట్టుకుని, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక గదిలో కూర్చోబెట్టి నేర్పాడు ఆయన. నేర్పింది కూడా విడ్డూరంగానే. నెట్‌లో అందరికీ దొరికే కెర్నెల్ కోడును బైబిలు వాక్యం చదివినట్లు పైకి చదవమనేవాడు. ఒక్కో వరుస చదివి, దీని భావమేంది బిడ్డా అని అడిగేవాడు. తెలియకపోతే కోప్పడేవాడు కాదు, మళ్లీ చదువు అనేవాడు. నెలనెలా సెలవు దొరికినప్పుడల్లా హైదరాబాద్ నుంచి వచ్చి, ఒక్క రూపాయి తీసుకోకుండా, తన పాత ల్యాప్‌టాప్ ఆమె చేతిలో పెట్టి మరీ నేర్పాడు. కృప ఇవాళ ఏ పని చేసినా అందులో ఆయన కూర్చుని ఉంటాడు. ఈ లోకంలో తల్లి తర్వాత ఆమె దండం పెట్టుకునే మనిషి ఎవరైనా ఉన్నారంటే ఈయనే.

అందుకే ఇప్పుడు నోరు తెరవడం అంత కష్టమైంది. తెరవకపోతే కాపరి పోతుంది. కాపరి పోతే పోయింది, ఆ కొత్త ప్రోగ్రాం కూడా ఇదే కెర్నెల్ చేతిలో ఇలాగే పోతుంది. మరో పల్లెలో మరికొందరు తల్లులు తిరిగి వెళ్లిపోతారు. తెరిస్తే ఏమవుతుందో ఆమెకు నాలుగు రోజులుగా తెలుసు.

"సార్," అంది చివరికి. "కాపరి గంత మెమరీ తినలేదు."

"లెక్క చూపిస్తున్నది గదా."

"లెక్కనే తప్పున్నది సార్."

"ఏ లెక్క?"

"కెర్నెల్ లెక్క."

దేవానందం పక్కనున్న దొంతరలో పైపళ్లెం జారబోతుంటే సరిచేశాడు. కంపెనీ డబ్బాల్లో నడిచే కెర్నెల్‌లో మెమరీ లెక్కించే భాగం ఎవరు మార్చి రాశారో ఇద్దరికీ తెలుసు. ఆయనే. డబ్బా వేగం ఒక్కసారిగా పెరిగిందని కంపెనీలో అందరూ భుజం తట్టింది ఆ పనికే. కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేటప్పుడు ఇప్పటికీ దాన్ని దేవానందం పద్ధతి అంటారు.

"నువ్వెట్ల కొలిచినవ్?" అన్నాడు. గొంతులో కోపం లేదు. పరీక్ష పెట్టేటప్పటి గొంతు అది.

"కెర్నెల్ రాసుకునే పెద్ద లెక్కను అడగలేదు సార్. కాపరి చేతుల ఉన్న పేజీలను ఒక్కొక్కటి పట్టుకొని లెక్కబెట్టిన." మెమరీని కెర్నెల్ ముక్కలుగా పంచుతుంది, ఆ ముక్కనే పేజీ అంటారు. "ఇంటింటికి తిరిగి తలకాయలు లెక్కబెట్టినట్టు. జర ఆలస్యమైతది గాని తప్పు పోదు. గట్ల చూస్తే కాపరి కాడ ఉన్నది, లెక్కల చూపెట్టిన దాంట్ల సగం గూడ లేదు."

"పది ప్రోగ్రాములు కలిసి వాడుకునే పేజీలుంటయి. అందరు వాడే గుండిగను ఒక్కరి నెత్తిన ఏసినవా, ఇడిసిపెట్టినవా?"

"రెండు లెక్కలల్ల నుంచి తీసేసిన సార్. కాపరికి సొంతంగ ఉన్నయే చూసిన."

"నువ్వు ఒక్కొక్క పేజీ లెక్కబెట్టెటాల్లకు అది ఇంకిన్ని వాపసు ఇచ్చుండొచ్చు. నడిచే బస్సుల మందిని లెక్కబెట్టినట్టు."

"బస్సును ఆపిన సార్. కాపరిని కదలకుండ ఆపేసి, రెండు తీర్ల లెక్కబెట్టిన. ఆపినంక గూడ రెండు లెక్కలు కలువలేదు."

దేవానందం ఆమెను చూశాడు. ఆ చూపులో కాస్త గర్వం కూడా ఉందని, వంటింటి గడపలో నిలబడి రొట్టె తడుతున్న హన్నమ్మ తర్వాత చెప్పింది. కృపకు మాత్రం అప్పుడు అదేమీ కనబడలేదు. ఆమె చూపు పళ్లేల మీద ఉంది.

"పోయినేడు లిదియా అత్త సంగతి యాదున్నదా సార్? అమ్మ మీకు చెప్పి నవ్వింది."

లిదియా కథ ఆ వాడలో అందరికీ తెలిసినదే. కూతురి పెళ్లికి తెచ్చిన సామానంతా కడిగి, తుడిచి, హన్నమ్మ ఇంట్లో ఇచ్చేసింది. కొన్నాళ్లకే పెద్దకూతురి కొడుకు పుట్టినరోజుకు గుండిగ కావాలని చర్చికి వెళ్తే, సామాను గది చూసే జేమ్స్, నీ దగ్గర ఇంకా కుప్పెడు తల్లెలున్నయి, ముందు అవి తెమ్మని తిప్పి పంపాడు. జేమ్స్ చెడ్డవాడు కాదు. తీసుకెళ్లింది ఆయన కళ్లెదుట తీసుకెళ్లింది. తిరిగి ఇచ్చింది హన్నమ్మ ఇంటి మూలన ఉంది, సంచి నిండలేదు కనుక ఆయనదాకా చేరలేదు. లిదియా వాడంతా వినేట్టు తిట్టింది. పుట్టినరోజు మాత్రం అద్దె గిన్నెలతో జరిగింది.

"కాపరి గూడ లిదియా అత్తనే సార్," అంది కృప. ఒకసారి మొదలయ్యాక ఇక ఆగలేదు. "పొద్దుగాల దినం మొత్తం ఫ్రిజ్ వేడి లెక్కలు సదువుకోనీకి ఒక్కపారే పెద్ద మెమరీ ముద్ద తీసుకుంటది. అది పెద్దది గాబట్టి ఎంబడే పెద్ద లెక్కల పడతది. ఇగ ఆడికెళ్లి జర జర వాపసు ఇస్తుంటది. ఒక్కోపారి ఒక్కో కోరు కాడ."

డబ్బాలో పని చేసే చేతులను కోర్లు అంటారు. ఈ డబ్బాలో ఎనిమిది. ప్రోగ్రాం మెమరీ తీసుకున్నా, తిరిగి ఇచ్చినా, అప్పుడు దాన్ని నడిపిస్తున్న కోరు చేతుల మీదుగానే జరుగుతుంది. ప్రతి చిన్నదానికీ పరిగెత్తి పెద్ద లెక్కలో కలపాలంటే అన్నీ అక్కడే వరుస కట్టి నిలబడాలి, పని సాగదు. అందుకే దేవానందం, చిన్న చిన్న రాకపోకలను ఏ కోరు దగ్గరవి ఆ కోరు దగ్గరే ఉంచాడు. ఒక హద్దు దాటాకే పెద్ద లెక్కలో కలుస్తాయి.

"ఏ కోరు కాడ గూడ హద్దు దాటదు సార్. ఎనిమిది కోర్లు ఎనిమిది వాడలోళ్ల తీరుగ పట్టుకొని కూసుంటయి. తీసుకున్నది కనబడుతది, ఇచ్చింది కనబడదు. ఇగ తెర మీద గీతలు గీసే బొమ్మల ప్రోగ్రాం ఉన్నది సూడు, అది ఉల్టా. జర జర తీసుకుంటది. అది తీసుకున్నది గూడ కోర్ల కాడనే దాగి ఉంటది, లెక్కకు చేరదు. ఎక్కువ తిన్నది అది. సన్నగ కనబడ్డది. తక్కువ తిన్న కాపరి లావుగ కనబడ్డది."

"మరి పాత డబ్బాలల్ల ఎన్నడు గిట్ల కాలేదు?"

"పాతదాంట్ల కోర్లు రెండే సార్. పేజీ గూడ చిన్నది. రెండిండ్లల్ల నాలుగు తల్లెలు ఆగితే ఎవనికి ఎరుకైతది? కొత్తదాంట్ల కోర్లు ఎనిమిది, పేజీ పదారింతలు పెద్దది. మీరు రాసిననాడు మీరు రాసింది బరాబర్ ఉండె."

చివరి మాట ఊరడింపు కోసం అన్నది కాదు. నిజమే. అయినా దేవానందానికి అది ఊరడింపులాగే వినిపించి ఉంటుంది, తల అడ్డంగా ఊపాడు. పళ్లేల వైపు చూశాడు. వంటింట్లో రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. హన్నమ్మ పరుగున పెనం దగ్గరికి పోయింది.

"నాకు గీ ఉపాయం యాడికెళ్లి వచ్చిందో ఎరుకేనా బిడ్డా?" అన్నాడు మెల్లగా. "పెద్ద పెద్ద సదువులు సదివినోళ్లు నన్ను అడిగిర్రు, ఏ పుస్తకంల ఉన్నదని. నేను నవ్వి ఊకున్న. గీ తల్లెలను చూసే. మా అమ్మ గూడ గిట్లనే ఇంట్ల పోగుజేసి పంపుతుండె. పదిసార్లు తిరిగేది ఒక్కసారి పోతే అయిపాయె గదా అని ఆడికెళ్లి ఎత్తుకున్న." ఆగాడు. "చర్చి కాడ లెక్క చూసే జేమ్స్ అసొంటోని సంగతి మాత్రం మరిచిపోయిన."

నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఆ ఊరివాడు కాకపోతే ఈ ఉపాయం తట్టేది కాదేమో, ఈ తప్పూ జరిగేది కాదేమో. ఆ మాట పైకి అనే ధైర్యం కృపకు లేదు.

"సార్, నా మీద కోపం రాలేదా?" అని మాత్రం అడిగింది.

"నువ్వు సప్పుడు జేయకుండ తప్పు నీ మీద ఏసుకుంటే కోపమొచ్చేది." కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "గా డబ్బా యాడున్నది? ఇటు తే."

పరీక్షల కోసం కంపెనీ ఇచ్చిన డబ్బా కిటికీ పక్కనే ఉంది. కృప ల్యాప్‌టాప్ తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, తాను రాసిన కోడునే పైనుంచి కిందిదాకా పెదవులు కదుపుతూ చదివాడు, ఆదివారాలు ఆమె చేత చదివించినట్లే. తర్వాత ల్యాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పాడు.

"నువ్వు చెప్పు. ఎట్ల దిద్దుదాం?"

"మీ పద్ధతి తీసెయ్యద్దు సార్. దినాం దినాం ఇంటింటికి తిరిగితే డబ్బా నడువదు. ఒకన్ని చంపే ముంగట మాత్రం, ఎనిమిది కోర్లను అడిగి, వాటి కాడ ఉన్నది గూడ కలిపి చూడాలె. గప్పుడు గూడ ఎవడు లావుంటే వానిని తీసెయ్యాలె. గంతే."

"చంపే ముంగట అడుగుడు," అన్నాడు దేవానందం తనలో తాను. "ఇంత చిన్న ముచ్చట."

ఇద్దరూ కలిసి రాశారు. నిజానికి రాసింది కొద్దిగానే. డబ్బాలో పెట్టి, కంగ్టి అవతలి దవాఖానలో జరిగినట్లే కావాలని మెమరీ కొరత తెచ్చారు. తెర మీద కాపరి పక్కన ఉన్న అంకె కృప కళ్ల ముందే తగ్గుతూ వచ్చింది, బొమ్మల ప్రోగ్రాం అంకె పెరిగింది. కెర్నెల్ ఒక్క క్షణం ఆగి, బొమ్మల ప్రోగ్రాంను గెంటేసింది. కృప డబ్బాకు తగిలించిన వేడి కొలిచే తీగను చాయ్ గ్లాసులో ముంచింది. ఆమె ఫోను మోగింది. ఫ్రిజ్ వేడెక్కుతోంది, జల్దీ చూడండి అని కాపరి మొత్తుకుంటోంది.

"దేవునికి స్తోత్రం," అంది హన్నమ్మ, ఏం జరిగిందో సగమే అర్థమైనా. చాయ్ ఖరాబైందని కూడా గొణిగింది.

కృప లేచి, పళ్లేల మధ్యనే వంగి, దేవానందం కాళ్లకు మొక్కింది. వాళ్ల ఇళ్లలో ఆ అలవాటు లేదు. ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు. ఆయన గాభరాపడి, లే లే అంటూ భుజాలు పట్టి లేపాడు.

"నువ్వు నాకు మొక్కుడేంది. టీకాలేసుకునే పోరగాండ్లను కాపాడినవ్, నా పరువు గూడ నువ్వే కాపాడినవ్. రేపు ఇంకెవడో గీ తప్పును పట్టుకుంటే నేను తలెత్తుకుందునా? నేర్పినదానికి గింత మంచి ఫలం ఎవనికి దొరుకుతది?"

ఆ మాటకు కృపకు ఏడుపొచ్చింది. ఈసారి దాచుకోలేదు. ఇన్నేళ్లుగా ఆయనకు ఏమిచ్చినా తక్కువే అనుకుంటూ వచ్చింది. ఇచ్చిందేమో తప్పు చూపడం. దాన్ని ఆయన కానుక అందుకున్నట్లు అందుకున్నాడు.

దేవానందం ఫోను తీసి నర్మదకు కలిపాడు. మాట కటువు, మనసు న్యాయం అని ఆమె దగ్గర పనిచేసేవాళ్లంటారు. అందరూ వినాలని ఆయన ఫోనును బోర్లించిన గుండిగ మీద పెట్టాడు.

"అమ్మా, కొత్త సరుకు పంపుడు ఆపున్రి," అన్నాడు. "తప్పు కాపరిది కాదు. కెర్నెల్ లెక్కది. ఆ లెక్క రాసింది నేను." అంతా చెప్పాడు, ఏదీ దాచకుండా, ఏదీ తగ్గించకుండా.

అవతల కీబోర్డు చప్పుడు వినబడింది. "ఆపమన్నాను," అంది నర్మద. "కొత్త కోడు పంపించండి, మావాళ్లు చూస్తారు. కానీ సార్, దవాఖానవాళ్లకు నేనొక పేరు చెప్పాలి. టీకాలు పోయినందుకు ఎవరు బాధ్యులో సోమవారంలోగా చెబుతామని మాటిచ్చాం. పొద్దున్నదాకా అది కృప పేరు. ఇప్పుడు మీ పేరేనా?"

"నా పేరే అమ్మా."

"పేరు చెప్పాక ఆ మనిషిని నేను ఉంచుకోలేను. ఈ మాట మీకు ముందే చెప్పాను, కృప కోసం మీరు వచ్చినప్పుడు. ఆమెకు సడలించింది మీరు బతిమాలితేనే."

"ఎరుకే. ముందుగాల ఆమెకు చెప్పిన న్యాయమే నాకు గూడ."

ఎంత మామూలుగా అన్నాడో. బస్సు టిక్కెట్టు అడిగినట్లు అన్నాడు. రిటైరు కావడానికి ఇంకా చాలా ఏళ్లున్న మనిషి. తన ఉద్యోగం నిలిచిందని సంతోషించడానికి కృపకు ఊపిరి కూడా సలపలేదు. చేయి తనంతట తానే వెళ్లి గుండిగ మీది ఫోను అందుకుంది.

"మేడం, నేను కృపను మాట్లాడుతున్న. ఆ లెక్క సార్ ఒక్కరే రాయలేదు. రాసిననాడు నాకు చూపించిర్రు. నేను సదివిన, బరాబర్ ఉన్నదని నేనే చెప్పిన. సగం తప్పు నాది. పేరు చెప్తే ఇద్దరిది చెప్పున్రి, లేకుంటే ఎవ్వరిది వద్దు."

అది అబద్ధం. గదిలో ఉన్న ముగ్గురికీ అది అబద్ధమని తెలుసు. దేవానందం, వద్దు బిడ్డా అని చేయి చాచాడు. కృప ఫోనును అందకుండా గుండెలకు అదుముకుంది. పెరుగు గిన్నెతో వచ్చిన హన్నమ్మ ఉన్నచోటే ఆగిపోయింది. బతుకులో ఆ పిల్ల అబద్ధమాడగా ఆవిడ విన్నది అదే మొదలు.

"కృపా," అంది నర్మద. గొంతు పెరగలేదు, అదే కృపను భయపెట్టింది. "సార్ ఆ మార్పు చేసిన తేదీ నా ముందు తెర మీద ఉంది. అప్పటికి నువ్వు మా దగ్గర చేరనే లేదు. కంపెనీ కోడు బయటివాళ్లెవరికీ చూపించకూడదు. అంటే సార్ నీకు దొంగచాటుగా చూపించి ఉండాలి, లేదా నువ్వు నాతో అబద్ధం చెబుతూ ఉండాలి. ఏది?"

కృప దేవానందం వైపు చూసింది.

"ఒక మనిషిని కాపాడటానికి నువ్వు లెక్క మార్చి చెప్పగలవని ఇప్పుడే నాకు తెలిసింది," అంది నర్మద. "అలాంటప్పుడు, కాపరిని కాపాడటానికి నువ్వు చెప్పిన లెక్కను మాత్రం నేనెందుకు నమ్మాలి? ఆపమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. సాయంత్రం కాపరి లేని సరుకే వెళ్తుంది."

"మేడం," అంది కృప. అప్పటికే ఫోను కట్టయిపోయింది.